పట్టా ఒక్క రోజు.. పొలం మూడేళ్లు
బీడు భూములు పొందిన కొత్త రైతులకు తొలి వేసవే అసలు పరీక్ష

గజపతినగరం: పట్టా చేతికి అందడానికి ఒక్క రోజు చాలు. సభ జరుగుతుంది, పేరు పిలుస్తారు, కాగితం చేతిలో పెడతారు, ఫొటో తీస్తారు. మర్నాడు ఉదయం ఆ కుటుంబం తన భూమిని చూసుకుందామని వెళితే అక్కడ కనిపించేది పొలం కాదు. నిలువెత్తు తుప్పలు, ఈత దుబ్బులు, పులికంప డొంకలు, వాటి మధ్య రాళ్లు. తమ ఎకరా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు. అంతవరకు ఒకరి పొలంలో కూలికి వెళ్లిన చేతులకు సొంత భూమి వచ్చింది. దానిని సాగులోకి తెచ్చే భారం కూడా ఆ చేతుల మీదే పడింది.

భూ పంపిణీ గురించి సాగే చర్చ అంతా ఎన్ని ఎకరాలు, ఎంతమందికి అన్న లెక్కల చుట్టూనే తిరుగుతుంది. పంచిన భూమిలో ఎంత సాగులోకి వచ్చింది, రానిది ఎందుకు రాలేదు అన్న ప్రశ్న వెనకబడిపోతుంది. రాష్ట్రంలో 2005 జనవరి 26న ప్రారంభమైన భూ పంపిణీ తొలి విడతకు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. అసైన్డ్ భూముల చట్టానికి 2023లో చేసిన సవరణ కారణంగా ఈ ఇరవై ఏళ్ల గడువుకు ప్రాముఖ్యం ఏర్పడింది. ఈ తరుణంలో గజపతినగరం వంటి మెట్ట ప్రాంతంలో ఆ ప్రశ్నను మళ్లీ వేసుకోవలసిన అవసరం ఉంది.

సంస్థానం నుంచి డి-పట్టా దాకా

చంపావతి నది ఆసరాతో పండే పల్లపు భూములను మినహాయిస్తే ఈ ప్రాంతంలో ఎర్రనేలల గరువులే ఎక్కువ. చెరువు నిండితే వరి, లేకుంటే చోడి, నువ్వు, గోగు, ఉలవ, మొక్కజొన్న, మామిడి, జీడి తోటలు. ఒకప్పుడు ఈ భూములు విజయనగరం సంస్థానం ఏలుబడిలో ఉండేవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. సాగులో ఉన్న భూములకు రైతులు పట్టాదారులయ్యారు. ఎవరూ దున్నని బంజర్లు, కొండ దిగువ బీళ్లు ప్రభుత్వపరమయ్యాయి. తరువాతి కాలంలో భూమిలేని పేదలకు డి-పట్టాలుగా అందిన భూమిలో ఎక్కువ భాగం ఇటువంటిదే.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మంచి నేల, నీటి వసతి, దారి ఉన్న భూమిని తరతరాలుగా ఎవరో ఒకరు దున్నుతూనే ఉన్నారు. పంచడానికి మిగిలింది ఎవరూ ముట్టనిది. దానిని ఎవరూ ముట్టకపోవడానికి కారణాలు ఉన్నాయి. రాయి ఎక్కువ కావచ్చు, పైమట్టి పలచన కావచ్చు, దారి లేకపోవచ్చు, వాన నీరు నిలవని వాలు కావచ్చు. అనుభవం ఉన్న రైతులు వదిలేసిన నేలను, ఎడ్లు, నాగలి, పెట్టుబడి లేని కుటుంబం చేతిలో పెట్టి సాగు చేయమన్నట్లయింది.

మూడేళ్ల గడువు

అసైన్‌మెంట్ నిబంధనలకు మూలమైన 1954 నాటి జీవో 1142 ప్రకారం భూమిలేని పేద కుటుంబానికి రెండున్నర ఎకరాల పల్లం లేదా ఐదు ఎకరాల మెట్ట వరకు ఇవ్వవచ్చు. ఆచరణలో సాధారణంగా అందింది ఒకటి, రెండు ఎకరాలే. ఆ భూమి వారసులకు సంక్రమిస్తుంది గాని అమ్మడానికి వీల్లేదు. మరో ముఖ్యమైన షరతు కూడా ఉంది. భూమిని మూడేళ్లలోగా సాగులోకి తేవాలి. తొలి మూడేళ్లకు శిస్తు మినహాయింపు ఇచ్చారు. షరతులు ఉల్లంఘిస్తే భూమిని ప్రభుత్వం తిరిగి తీసుకోవచ్చు.

నిబంధన రాసినవారికి నేల సంగతి తెలుసు. బీడును ఒక్క ఏడాదిలో పొలం చేయలేరని గుర్తించే మూడేళ్లు ఇచ్చారు, శిస్తు వదిలారు. అయితే గడువు పట్టా తేదీతో మొదలవుతుంది. సర్వే చేసి హద్దు చూపిన తేదీతో కాదు. హద్దులు తేలడానికే ఏడాది, రెండేళ్లు గడిచిపోతే లబ్ధిదారుకు మిగిలేది ఒక వేసవి, ఒక వానకాలం. రాష్ట్రంలో భూ సమస్యల పరిశీలనకు ఏర్పాటైన కోనేరు రంగారావు కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలోనూ పట్టా ఒకరి పేరున, భూమి మరొకరి స్వాధీనంలో ఉన్న పరిస్థితి ప్రస్తావనకు వచ్చింది. కాగితానికి, నేలకు మధ్య ఉన్న ఈ ఎడమే భూ పంపిణీలోని పెద్ద లోపం.

కూలి లెక్కలోనే కిటుకు

తుప్పలు కొట్టడానికి కావలసింది శ్రమే కదా, శ్రమకు పేదలు వెరవరు కదా అన్న వాదన వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. ఉదాహరణకు ఒక ఎకరా తుప్ప నరికి, వేళ్లు పెకలించి, రాళ్లు ఏరి గట్టున వేయడానికి 40 పనిదినాలు పడుతుందని అనుకుందాం. 2025-26లో రాష్ట్రానికి నిర్ణయించిన ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన ఎకరాకు 12,280 రూపాయల శ్రమ. కూలి మీద బతికే కుటుంబం ఈ 40 రోజులు సొంత భూమిలో పనిచేస్తే ఇంటికి ఒక్క రూపాయి రాదు. పొయ్యి మాత్రం రోజూ వెలగాలి. ఆ ఎకరా మొదటి ఏడాది ఇచ్చే పంట ఈ శ్రమ విలువను తిరిగి తెస్తుందన్న హామీ లేదు.

పైగా తుప్పలు తొలగించడానికి అనువైన కాలం మాఘం నుంచి వైశాఖం వరకు. పొలం పనులు లేక ఈ జిల్లా కూలీలు విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై వైపు భవన నిర్మాణ పనులకు తరలివెళ్లేదీ ఆ నెలల్లోనే. వలస వెళితే బీడు బీడుగానే ఉంటుంది. ఉండిపోతే అప్పు పెరుగుతుంది. పట్టా అందిన కుటుంబం ఎదుర్కొనే నిజమైన సంకటం ఇదే.

దీనికి విరుగుడు చట్టంలోనే ఉండేది. 2006 ఫిబ్రవరిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో విజయనగరం ఒకటి. ఎస్సీ, ఎస్టీల భూములు, భూ సంస్కరణల లబ్ధిదారుల భూముల అభివృద్ధి ఆ చట్టం అనుమతించిన పనుల్లో ఉంది. అంటే పట్టాదారు తన భూమిలో తుప్ప కొడుతూ, రాయి ఏరుతూ, గట్టు వేస్తూ కూలి పొందే అవకాశం కల్పించారు. అంతకుముందే నాబార్డు రుణంతో ఇందిరప్రభ పేరిట సమగ్ర భూ అభివృద్ధి కార్యక్రమం కూడా నడిచింది. పట్టా, పని ఒకే వేసవిలో కలిసిన చోట బీడు పొలమవుతుంది. పట్టా ఒక ఏడాది, పనుల మంజూరు నాలుగేళ్ల తరువాత అయితే అప్పటికి కుటుంబం ఆశ వదులుకుంటుంది, లేదా భూమిని మరొకరికి వదులుకుంటుంది.

‘బాగుచేసి ఇస్తాం’ అంటే..

ఆ మరొకరు ఎలా వస్తారన్నది కొత్త రైతులు తప్పక తెలుసుకోవలసిన విషయం. ట్రాక్టరు, పొక్లెయిన్ ఉన్న ఆసామి ముందుకు వస్తాడు. ‘తుప్పలు నేనే తీయిస్తాను, చదును చేయిస్తాను, ఐదేళ్లు నేను పండించుకుని తిరిగి ఇస్తాను’ అంటాడు. వినడానికి ఇరువురికీ మేలు చేసే ఒప్పందంలాగే ఉంటుంది. కాని 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం దృష్టిలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, మార్పిడి, తనఖా, కౌలు అన్నీ దాని కిందికే వస్తాయి. నోటిమాటగా ఇచ్చిన కౌలు సైతం పట్టాకు ముప్పు తేవచ్చు. ఐదేళ్ల తరువాత భూమిలో ఉన్నది ఎవరన్న ప్రశ్న వస్తే పేదవాడి దగ్గర కాగితం ఉంటుంది, అనుభవం ఎదుటివారి వైపు ఉంటుంది.

అదే చట్టం ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. సహకార సంఘానికి, షెడ్యూల్డ్ బ్యాంకుకు తనఖా పెట్టి రుణం తీసుకోవడానికి నిషేధం వర్తించదు. వడ్డీ వ్యాపారి దగ్గర పట్టా కుదువ పెట్టడం నేరానికి దారితీస్తుంది, బ్యాంకు దగ్గర పెట్టడం చట్టబద్ధం. ఈ తేడా గ్రామాల్లో తెలియవలసినంతగా తెలియదు.

2023లో వచ్చిన సవరణ ఈ వ్యవహారాన్ని మరింత సున్నితం చేసింది. అసైన్ చేసి 20 ఏళ్లు నిండిన భూములపై అసలు లబ్ధిదారులకు, వారి వారసులకు అమ్ముకునే హక్కు కల్పించారు. అక్రమాలు జరిగాయన్న ఆరోపణలతో 2024లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం అటువంటి భూముల రిజిస్ట్రేషన్లను నిలిపివేసి పరిశీలనకు ఆదేశించింది. ఈ వివాదం ఎలా తేలినా ఒక్క సంగతి స్పష్టం. పంట పండే ఎకరాను ఏ కుటుంబమూ తేలిగ్గా వదులుకోదు. తుప్పలతో నిండిన ఎకరా మాత్రం ఎవరు ఎంత ధర చెప్పినా లాభంగానే కనిపిస్తుంది. గజపతినగరం మీదుగా జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ ఉన్నాయి. రహదారి వెంట భూమికి గిరాకీ పెరిగే కొద్దీ బీడుగా వదిలిన డి-పట్టాలపైనే ముందుగా కన్ను పడుతుంది.

ముందు హద్దు.. తరువాతే కత్తి

కొత్తగా బీడును చేపట్టే కుటుంబం మొదట పట్టవలసింది గొడ్డలి కాదు, సర్వేయరు గొలుసు. పట్టాలోని సర్వే నంబరు, విస్తీర్ణం, అడంగల్, 1-బి నమోదు ఒకదానితో ఒకటి సరిపోవాలి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత నంబర్ల స్థానంలో కొత్త ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. పాత పట్టాను కొత్త నంబరుతో సరిచూసుకోకుండా తుప్ప కొడితే శ్రమంతా పక్కవారి భూమిలో పడే ప్రమాదం ఉంది. కొండ అంచు భూముల్లో అటవీశాఖ హద్దు కూడా చూసుకోవాలి. నాలుగు మూలలా రాళ్లు పాతి, పక్క రైతుల సమక్షంలో చూపించుకోవడం తరువాత వచ్చే తగాదాలను నివారిస్తుంది.

తుప్పల్లోకి దిగేముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. రక్తపింజర, నాగుపాములకు ఇటువంటి డొంకలే నివాసం. కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర లేకుండా లోపలికి చేయి పెట్టకూడదు. కాటు పడితే మంత్రం కోసం కాలయాపన చేయక వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తరలించాలి. పాముకాటుకు విరుగుడు మందు అక్కడే లభిస్తుంది.

నరికితే చాలదు

బీడు భూమిలో కొత్తవారు చేసే మొదటి పొరపాటు నేలకు సమంగా నరికి పని అయిపోయిందనుకోవడం. పులికంప, సర్కారు తుమ్మ మొదలు నుంచి మళ్లీ చిగురిస్తాయి. తొలకరి పడిన నెల రోజులకే ముందుకంటే గుబురుగా లేస్తాయి. పులికంపను నేలకు రెండు మూడు అంగుళాల లోతున, కాండం వేరుతో కలిసే చోటికి కిందుగా నరికితే తిరిగి లేవదు. తుమ్మ మోడును వేళ్లతో సహా పెకలించక తప్పదు. మాఘ, ఫాల్గుణాల్లో కొమ్మలు కొట్టి ఎండనిచ్చి, వేసవి జల్లుకు నేల మెత్తబడినప్పుడు గునపంతో మోళ్లు తీస్తే సగం శ్రమ తగ్గుతుంది. ఎండిన మోళ్లు వంటచెరకుగా కొంత ఖర్చును తిరిగి తెస్తాయి.

వయ్యారిభామను పూత రాకముందే పీకాలి. ఒక్కో మొక్క వేల గింజలు రాల్చుతుంది. చర్మానికి దురద, దద్దుర్లు తెచ్చే మొక్క కనుక చేతికి గుడ్డ చుట్టుకోవాలి. తుంగ సంగతి వేరు. దాని ప్రాణం నేలలోని గడ్డల్లో ఉంటుంది. ఒక్కసారి దున్ని వదిలేస్తే గడ్డలు విడిపోయి మరింత వ్యాపిస్తుంది. ఎండలు ముదిరిన రోజుల్లో రెండు మూడు సార్లు దున్ని గడ్డలను పైకి తెచ్చి ఎండబెడితేనే అదుపులోకి వస్తుంది.

కంపంతా పోగుచేసి నిప్పు పెట్టడం రెండో పొరపాటు. ముళ్లకంపను హద్దు వెంట పేరిస్తే మొదటి రెండేళ్లు పశువుల నుంచి పంటకు అదే కంచె. పొక్లెయిన్‌తో ఒక్క రోజులో చదును చేయించడం మూడో పొరపాటు. ఎర్రనేల గరువుల్లో పైమట్టి పొర పలచన. యంత్రం తుప్పతో పాటు ఆ పొరనూ గీకి గట్టున పోస్తే మిగిలేది కంకర. చూడటానికి పొలం శుభ్రంగా ఉంటుంది, విత్తు మాత్రం ఎదగదు.

కొంచెం కొంచెంగానే

పరాయి దేశంలోనూ ఇదే అనుభవం. ఇంగ్లండులో 1908 నాటి చట్టం ప్రకారం స్థానిక సంస్థలు పట్టణవాసులకు, కార్మికులకు కూరగాయల సాగుకోసం చిన్న చిన్న మడులను అద్దెకు ఇస్తాయి. సంప్రదాయంగా ఒక మడి సుమారు 250 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో ఆరు సెంట్లకు కొంచెం ఎక్కువ. పాతవారు వదిలేసిన మడి కొత్తవారి చేతికి వచ్చేసరికి అడవిలా పెరిగి ఉండటం అక్కడా మామూలే. సాగు చేయకుండా వదిలేస్తే నోటీసు ఇచ్చి వెనక్కి తీసుకోవడమూ ఉంది. ఉత్సాహంతో మొత్తం ఒకేసారి శుభ్రం చేయబోయి తొలి ఏడాదిలోనే విసిగి వదిలేసేవారిని చూసి అనుభవజ్ఞులు అక్కడ ఒక మాట చెబుతారు. పావు భాగం శుభ్రం చేసి వెంటనే విత్తండి, మిగతాది కప్పి ఉంచండి, మరుసటి ఏడాది చూసుకోండి అని.

ఆరు సెంట్ల మడికే ఆ మాట అవసరమైతే ఎకరా, రెండెకరాల బీడుకు మరీ అవసరం. మొదటి వేసవిలో అర ఎకరా పూర్తిగా, వేళ్లతో సహా శుభ్రం చేసి ఆ వానకే విత్తడం మేలు. రెండెకరాలు పైపైన నరికి ఏదీ విత్తకపోతే వచ్చే ఏడాదికి రెండెకరాలూ మళ్లీ తుప్పలే. శుభ్రమైన నేలను ఖాళీగా ఉంచితే దానిని కలుపు పంచుకుంటుంది. అది ఏ దేశపు నేలకైనా వర్తించే సూత్రం.

తొలి పంట.. ధాన్యం కోసం కాదు

మొదటి ఏడాది వరి, వేరుశనగ వంటి పెట్టుబడి పంటల జోలికి పోవడం చేటు. జనుము దట్టంగా చల్లితే కలుపును అణచి, దున్నేస్తే పచ్చిరొట్ట ఎరువవుతుంది. వాన తరువాత మిగిలిన తేమతోనే పండే ఉలవ గరువుకు అనాదిగా నేస్తం. తిండి గింజ కావాలంటే చోడి ఉంది. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన స్వల్పకాలిక చోడి రకం వీఆర్ 708కు ‘చంపావతి’ అనే పేరు పెట్టారు. ఈ నేలకు పుట్టిన విత్తనం ఈ బీళ్లకు సరిపోతుంది. రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగులో భాగంగా ప్రోత్సహిస్తున్న తొలకరికి ముందు నవధాన్యాల సాగు కూడా కొత్తగా తెగిన నేలను కప్పి ఉంచడానికి తగిన పద్ధతే.

రెండో ఏడాది గట్లు, వాలుకు అడ్డంగా కందకాలు. భూసార పరీక్షకు మట్టి నమూనా రైతు సేవా కేంద్రంలో ఇవ్వవచ్చు. మూడో ఏడాదికి తోట గురించి ఆలోచించవచ్చు. పది మీటర్ల ఎడంతో మామిడి ఎకరాకు 40 మొక్కలు, ఎనిమిది మీటర్ల ఎడంతో జీడి 60కి పైగా పడతాయి. మామిడి కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది కనుక అంతవరకు వరుసల మధ్య ఉలవ, నువ్వు, కంది వేసుకుంటేనే ఇల్లు గడుస్తుంది. దున్నడానికి మానాపురం సంతలో ఎడ్ల జత కొనే స్తోమతు ఒక్క కుటుంబానికి లేకపోవచ్చు. పక్కపక్క పట్టాదారులు నలుగురు కలిస్తే ఎడ్లు గాని ట్రాక్టరు బాడుగ గాని పంచుకోవచ్చు. విడివిడిగా ఓడిపోయే పనిలో కలిసి నెగ్గే అవకాశం ఉంది.

యంత్రాంగం చేయవలసింది

మూడు పనులు అవసరం. ఒకటి, హద్దు చూపి రాళ్లు పాతిన రోజునే పట్టా ఇవ్వాలి, లేదా మూడేళ్ల గడువును హద్దు చూపిన రోజు నుంచి లెక్కించాలి. రెండు, పట్టాల పంపిణీ ఏ నెలలో జరిగినా రాబోయే వేసవికి ఆ భూముల అభివృద్ధి పనులు గ్రామ పంచాయతీ ప్రణాళికలో చేరి ఉండాలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త గ్రామీణ ఉపాధి చట్టం కుటుంబానికి 125 రోజుల పని హామీ ఇస్తూనే, విత్తు, కోతల రద్దీ కాలంలో 60 రోజుల వరకు పనులు ఆపే వీలు కల్పించింది. అందువల్ల బీడు తొలగింపు పని తొలకరికి ముందే ముగియాలి. గ్రామసభల్లో పట్టాదారులు దీనిని అడిగి నమోదు చేయించుకోవాలి. మూడు, సాగులోకి రాలేదన్న కారణంతో పట్టా రద్దుకు పూనుకునే ముందు ఆ భూమికి దారి ఉందా, హద్దు తేలిందా, పని మంజూరైందా అని తహసీల్దారు స్థాయిలో విచారించాలి.

తోటపల్లి నుంచి గజపతినగరం వైపు తలపెట్టిన బ్రాంచి కాలువ నీరు ఈ మెట్టకు అందితే భూముల విలువ మారిపోతుంది. నీరు వచ్చిన రోజున ఆ గరువులో ఎవరు ఉంటారన్నదే అసలు ప్రశ్న. తుప్ప కొట్టి, రాయి ఏరి, మూడు వేసవులు ఓర్చిన కుటుంబం ఉంటే భూ పంపిణీ ఫలించినట్లు. ఆ కుటుంబం తన పట్టా భూమిలోనే మళ్లీ కూలికి వెళితే ఆ రోజు సభ, ఆ ఫొటో వృథా అయినట్లే. ఆ రెండింటిలో ఏది జరగాలో తేల్చేది పట్టా అందిన తరువాత వచ్చే మొదటి వేసవి.